సీసా మీద రాసిన పొడవు, గొట్టంలో మిగిలిన పొడవు: హైలురోనిక్ ఆమ్లంతో పని చేసేవారికి

హైలురోనిక్ ఆమ్లం కావాలని ఎవరైనా నా దగ్గరికి వస్తే, ఫ్రీజర్ తలుపు తీసేలోపు ఒక ప్రశ్న వేస్తాను: ఎంత పొడవుది కావాలి? జవాబు రాకపోతే ఆ రోజుకు సీసా బయటికి రాదు. మా ల్యాబ్‌లో పాలిమర్ల అర నా బాధ్యత. ఈ విషయంలో మొండివాడినన్న పేరు కూడా నాకుంది, దాని గురించి నాకు చింత లేదు.

సోడియం క్లోరైడ్ ఎక్కడ కొన్నా సోడియం క్లోరైడే. హైలురోనిక్ ఆమ్లం అలా కాదు. గ్లూకురోనిక్ ఆమ్లం, ఎన్-ఎసిటైల్ గ్లూకోసమిన్ అనే రెండు చక్కెరల జంట ఒకదాని వెనుక ఒకటిగా, కొమ్మలు లేకుండా సాగే గొలుసు అది. సోడియం లవణంగా లెక్కిస్తే ఒక్కో జంట భారం సుమారు 401 డాల్టన్లు (డాల్టన్ అంటే అణువుల భారానికి కొలమానం), పొడవు సుమారు ఒక నానోమీటరు. అంటే పది లక్షల డాల్టన్ల గొలుసులో దాదాపు 2,500 జంటలుంటాయి. నిటారుగా సాగదీస్తే రెండున్నర మైక్రాన్ల పొడవుంటుంది. పది వేల డాల్టన్ల గొలుసులో ఉండేవి పాతిక జంటలే. రెండింటి రసాయన సూత్రం ఒకటే అయినా మొదటిది నీటిని జిగురుగా మారుస్తుంది, రెండోది నీళ్ళలాగే కారిపోతుంది. కణం ఉపరితలం మీద ఉండి ఈ గొలుసును పట్టుకునే సీడీ44 అనే గ్రాహక ప్రోటీన్ కూడా ఈ రెండింటినీ ఒకేలా చూడదు. పొడవైన గొలుసు ఒకేసారి చాలా గ్రాహకాలను పట్టుకుని కూర్చుంటుంది, పొట్టిది పట్టు నిలుపుకోలేక జారిపోతుంది.

అందుకే ఇక్కడ చెప్పేదంతా ఒక్క పని గురించే: కొన్నప్పటి పొడవును ప్రయోగం చివరిదాకా కాపాడుకోవడం, కాపాడలేకపోతే ఎంత తగ్గిందో కనీసం తెలుసుకోవడం. ఇకమీద హెచ్‌ఏ అని క్లుప్తంగా రాస్తాను.

లేబుల్, విశ్లేషణ పత్రం

హైలురోనిక్ ఆమ్లం పేరుతో దొరికే పొడి దాదాపు ఎప్పుడూ సోడియం హైలురోనేటే. కాబట్టి లెక్కలన్నీ లవణానికే వేయండి. అణుభారం అంకె కనబడగానే అది ఏ సగటో చూడండి. భార సగటు, సంఖ్యా సగటు, స్నిగ్ధత (చిక్కదనం) నుంచి తీసిన సగటు అనేవి మూడు వేర్వేరు అంకెలు. గొలుసుల పొడవుల్లో తేడా ఎక్కువయ్యేకొద్దీ అవి ఒకదానికొకటి దూరంగా జరుగుతాయి. ‘10 నుంచి 18 లక్షల డాల్టన్లు’ అని మాత్రమే రాసి ఉంటే అది ఆ ఉత్పత్తికి పెట్టుకున్న హద్దు, మీ చేతిలో ఉన్న లాట్ (ఒకేసారి తయారైన విడత) విలువ కాదు. లాట్ సంఖ్య చెప్పి అసలు కొలత అడగండి. అడిగినా ఇవ్వలేని అమ్మకందారు దగ్గర నేను రెండోసారి కొనను.

మూలం ఏమిటో కూడా నోట్‌బుక్‌లో ఎక్కించండి. 1934లో కార్ల్ మేయర్, జాన్ పామర్ దీన్ని ఆవు కంటిలోని కాచాభ ద్రవం నుంచి వేరుచేశారు. ఆ తర్వాత చాలా కాలం కోడిపుంజు తురాయే ప్రధాన వనరు. ఇప్పుడు పరిశోధనకు వచ్చేది ఎక్కువగా స్ట్రెప్టోకోకస్ జూఎపిడెమికస్‌ను పెంచి తీసినదే. జన్యువులు చేర్చిన బాసిల్లస్ సబ్టిలిస్‌తో తయారయ్యేదీ ఉంది. తురాయి నుంచి వచ్చిన పొడిలో పక్షి ప్రోటీన్ల జాడలు, బాక్టీరియా నుంచి వచ్చినదానిలో బాక్టీరియా ప్రోటీన్ల, న్యూక్లిక్ ఆమ్లాల జాడలు ఉండే అవకాశముంది. జెల్ గట్టిదనం కొలిచేవారికి ఇది పెద్ద విషయం కాకపోవచ్చు. రోగనిరోధక కణాలతో పని చేసేవారికి మాత్రం ఇదే మొదటి విషయం.

ఈ పొడి గాలిలోని తేమను లాక్కుంటుంది. మైనస్ 20 డిగ్రీల నుంచి తీసిన సీసా గది ఉష్ణోగ్రతకు వచ్చేదాకా మూత ముట్టుకోకండి. ముందే తీస్తే లోపలి గోడల మీద నీటి ఆవిరి చేరుతుంది, తర్వాత మీరు తూచేదాంట్లో అదీ ఉంటుంది. ఎంత జాగ్రత్తపడినా పొడి బరువులో పదో వంతు దాకా నీరు ఉండటం మామూలే. మిల్లీలీటరుకు 2 మిల్లీగ్రాముల ద్రావణం 10 మిల్లీలీటర్లు కావాలనుకుని 20 మిల్లీగ్రాములు తూస్తే, అసలు హెచ్‌ఏ పడేది 18 మాత్రమే. నీరు పది శాతమైతే 22.2 మిల్లీగ్రాములు తూయాలి. నీటి శాతం విశ్లేషణ పత్రంలో ఉంటుంది. కానీ అది సీసా నింపిన రోజు మాట. చాలాసార్లు తెరిచిన సీసా అయితే కొద్దిగా పొడిని ఆరబెట్టి బరువు ఎంత తగ్గిందో మీరే చూసుకోండి.

కరిగించడం

ఓపిక లేనివాళ్ళు దీని జోలికి రాకపోవడమే మంచిది. పొడి మీద బఫర్ (పీహెచ్ మారకుండా నిలిపే ద్రావణం) గబుక్కున పోస్తే పైపొర క్షణాల్లో ఉబ్బి జెల్ అవుతుంది. లోపలి పొడికి ఇక నీరు అందదు. మధ్యలో తెల్లగా, చుట్టూ పారదర్శకంగా ఉండే ఉండలు మిగులుతాయి. అప్పుడు కంగారుపడి వోర్టెక్స్ మీద గంటసేపు ఆడించడం, 80 డిగ్రీల నీటిలో పెట్టడం, సోనికేటర్‌లో దించడం, ఇవన్నీ చూశాను. ద్రావణం చివరికి అందంగా తేటపడుతుంది కానీ గొలుసులు తెగిపోయి ఉంటాయి. సోనికేటర్ అయితే పొడవైన గొలుసులను దాదాపు మధ్యలో తుంచుతుంది. పొట్టి ముక్కలు కావాలనుకున్నప్పుడు ఆ పని కావాలనే చేస్తారు కూడా. పొడవు కాపాడుకోవాల్సిన రోజున దాన్ని బెంచ్ మీద కూడా ఉంచకండి.

నా పద్ధతి ఇది. వెడల్పాటి గొట్టంలోనో బీకరులోనో బఫర్ ముందు పోసి, అయస్కాంతపు పుల్లతో చిన్న సుడి వచ్చేలా మెల్లగా తిప్పుతాను. పొడిని గరిట చివరతో ఆ సుడి అంచున చిటికెడు చిటికెడుగా రాలుస్తాను. ఒక చిటికెడు తడిసి విడిపోయాకే మరొకటి. అంతా పడ్డాక అయస్కాంతపు పుల్ల తీసేసి, గొట్టాన్ని కిందికీ మీదికీ పొర్లించే రోటేటర్‌కు బిగించి, అతి తక్కువ వేగంలో 4 డిగ్రీల చల్లని గదిలో రాత్రంతా వదిలేస్తాను. పది లక్షల డాల్టన్లు దాటినదైతే మరో పగలు కూడా. తీశాక వెలుతురుకు ఎదురుగా వంచి చూడండి. మెరుపు గీతలు కదలాడుతుంటే ఇంకా పూర్తిగా కరగలేదని అర్థం. బుడగలుంటే 300 జీ దగ్గర కొద్ది నిమిషాలు సెంట్రిఫ్యూజ్ చేస్తే చాలు.

ఎంత గాఢత దాకా వెళ్ళవచ్చు? అంతర్గత స్నిగ్ధత లెక్కన చూస్తే, పది లక్షల డాల్టన్ల హెచ్‌ఏ ఉప్పు ద్రావణంలో గ్రాముకు లీటరున్నర పైచిలుకు చోటును తన కదలికలతో ఆక్రమిస్తుంది. అంటే మిల్లీలీటరుకు ఒక మిల్లీగ్రాము దగ్గరికి వచ్చేసరికే గొలుసులు ఒకదానిలోకి ఒకటి చొరబడి, చిక్కుపడ్డ దారపు ఉండలా తయారవుతాయి. అక్కడి నుంచి గాఢత రెట్టింపు చేస్తే చిక్కదనం రెట్టింపుతో ఆగదు, ఎన్నో రెట్లు పెరుగుతుంది. ఆ సైజుకు నేను 2 మిల్లీగ్రాముల స్టాక్ దగ్గర ఆగుతాను. లక్ష డాల్టన్లదైతే 10 మిల్లీగ్రాములు కూడా ఇబ్బంది పెట్టదు. స్వచ్ఛమైన నీటిలో హెచ్‌ఏ ఇంకా చిక్కగా ఉంటుంది. గొలుసు మీది రుణావేశాలు ఒకదాన్నొకటి నెట్టుకోవడంతో అది విచ్చుకుంటుంది, ఉప్పు కలిపితే ముడుచుకుంటుంది. నీటిలో కొలిచిన స్నిగ్ధతను, ఉప్పు బఫర్‌లో కొలిచినదాన్ని పక్కపక్కన పెట్టి పోల్చకూడదన్నది అందుకే.

చిక్కని ద్రావణాన్ని మామూలు పిపెట్‌తో తీస్తే అంకె ఒకటి, పడేది ఒకటి. పాజిటివ్ డిస్‌ప్లేస్‌మెంట్ పిపెట్ ఉంటే వాడండి. లేకపోతే టిప్ కొస కత్తిరించి, నిదానంగా పీల్చి, గొట్టాన్ని తూకం మీద పెట్టి బరువుతో కొలవండి. తూకం అబద్ధం చెప్పదు కాబట్టి నా ఓటు ఎప్పుడూ దానికే.

తయారైన స్టాక్‌ను చిన్న భాగాలుగా పంచి మైనస్ 20లో పెట్టండి. ఒక్కో భాగం ఒక్కసారి వాడకానికే. గొట్టం మీద లాట్ సంఖ్య, అణుభారం, గాఢత, బఫర్, తేదీ ఉండాలి. ‘హెచ్‌ఏ, కొత్తది’ అని రాసిన గొట్టం నాకు కనిపిస్తే చెత్తబుట్టలోకి వెళ్తుంది. కణాలకు వాడని ద్రావణాలకు 0.02 శాతం సోడియం అజైడ్ కలిపి ఫ్రిజ్‌లో ఉంచుకోవచ్చు. కణాలకు వాడేదాంట్లో అది పడకూడదు.

కనబడకుండా తెంచేవి

పీహెచ్ తటస్థానికి దగ్గరగా ఉన్నంతసేపు హెచ్‌ఏ నిలకడగానే ఉంటుంది. గట్టి ఆమ్లంలో, గట్టి క్షారంలో తెగుతుంది, వేడి తోడైతే మరీ త్వరగా తెగుతుంది. ఇది అందరికీ తెలిసిందే. చాలామంది పట్టించుకోనిది ఫ్రీ రాడికల్స్ సంగతి. రాగి, ఇనుము అయాన్ల జాడ, దానికి తోడు విటమిన్ సి ఉంటే హైడ్రాక్సిల్ రాడికల్స్ పుట్టి పొడవైన గొలుసులను గంటల్లోనే కత్తిరిస్తాయి. మృదులాస్థి కణాలను పెంచే మీడియంలో విటమిన్ సి వేయడం మామూలే. కణాలు పెంచే చాలా మీడియాల్లో ఇనుము లవణం ముందే ఉంటుంది. అందుకే హెచ్‌ఏ ఉన్న ప్రయోగానికి నేరుగా ఆస్కార్బిక్ ఆమ్లం (విటమిన్ సి అంటే ఇదే) కాకుండా ఆస్కార్బేట్ 2-ఫాస్ఫేట్ వాడమంటాను. దీర్ఘకాలం నిల్వ ఉంచే బఫర్‌లో లోహ అయాన్లను పట్టి ఉంచే ఈడీటీఏ కొద్దిగా ఉంటే మంచిది. లోహపు గరిటలకు బదులు ప్లాస్టిక్‌వి వాడటం కూడా పెద్ద కష్టం కాదు.

క్రిమిరహితం చేయడం దగ్గర పరిశోధకులు రెండు వర్గాలుగా చీలిపోతారు. ఆటోక్లేవ్ చేస్తామనేవారు, వడపోస్తామనేవారు. 121 డిగ్రీల ఆవిరి పొడవైన హెచ్‌ఏను గణనీయంగా కుదిస్తుంది, కాబట్టి మొదటి వర్గం దారి నాకు అసలు సమ్మతం కాదు. 0.22 మైక్రాన్ల వడపోత పొట్టి గొలుసులకు చక్కగా పనిచేస్తుంది. పది లక్షలు దాటినదాన్ని చిక్కగా ఉండగానే సిరంజితో బలంగా తోస్తే కొంత పొర మీదే ఆగిపోతుంది, పొర ముందుగానే మూసుకుపోతుంది. మిల్లీలీటరుకు అర మిల్లీగ్రాము దాకా పలచబరిచి, ప్రోటీన్లను తక్కువగా పట్టుకునే పాలిఈథర్‌సల్ఫోన్ పొరతో, మెల్లగా వడపోయండి. వడపోతకు ముందొకసారి, తర్వాతొకసారి గాఢత కొలవండి. అంతకన్నా నాకిష్టమైన దారి వేరే ఉంది: క్రిమిరహితంగా తయారైన పొడిని కొని, లామినార్ హుడ్‌లో తూచి, ముందే వడపోసిన బఫర్‌లో కరిగించడం. ఖర్చు ఎక్కువే, కానీ గొలుసు చెక్కుచెదరదు.

గాఢత కొలతకు పాత కార్బజోల్ పద్ధతి ఇప్పటికీ బాగుంటుంది. బోరేట్ కలిపిన గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లంలో వేడిచేసి, కార్బజోల్ కలిపి, 530 నానోమీటర్ల దగ్గర గులాబీ రంగును కొలవడం. అది కొలిచేది గ్లూకురోనిక్ ఆమ్లాన్ని మాత్రమే, గొలుసు పొడవుతో దానికి నిమిత్తం లేదు. మీడియంలోని గ్లూకోజ్ ఆ రంగును చెడగొడుతుంది, కాబట్టి అలాంటి నమూనాలకు ముందు డయాలిసిస్ తప్పదు. డీఎంఎంబీ రంగు పద్ధతి మాత్రం ఇక్కడ వాడకండి. అది సల్ఫేట్ ఉన్న గ్లైకోసమినోగ్లైకాన్ల (ఇలాంటి చక్కెర గొలుసుల కుటుంబం) కోసం. హెచ్‌ఏకు సల్ఫేట్ లేదు. ఈ విషయం తెలియక ‘మా నమూనాలో హెచ్‌ఏ లేదు’ అని తేల్చినవారిని చూశాను.

ఎండోటాక్సిన్, కంట్రోళ్ళు

‘పొట్టి హెచ్‌ఏ వాపును రేపుతుంది, పొడవైనది అణచుతుంది’ అన్న మాట వ్యాసాల్లో తరచూ కనబడుతుంది. అందులో నిజమెంతో తేల్చడానికి ముందు మీ గొట్టంలో ఎండోటాక్సిన్ (గ్రామ్ నెగటివ్ బాక్టీరియా పైపొర నుంచి వచ్చే, వాపు రేపే పదార్థం) ఎంతుందో తేల్చండి. మాక్రోఫేజ్‌లు అనే రోగనిరోధక కణాలు దానికి అతి తక్కువ మోతాదులోనే స్పందిస్తాయి. పొట్టి హెచ్‌ఏ పనిచేస్తుందని చెప్పే టీఎల్‌ఆర్4 గ్రాహకమే ఎండోటాక్సిన్‌కూ గ్రాహకం. ఇంతకన్నా ఇబ్బందికరమైన కలయిక ఉండదు. స్ట్రెప్టోకోకస్ గ్రామ్ పాజిటివ్ కాబట్టి దానికి సొంత ఎండోటాక్సిన్ లేదు, నిజమే. కానీ శుద్ధి చేసిన నీటి నుంచి, గాజు సామాను నుంచి, మీరు వాడిన ఎంజైమ్ నుంచి అది రావచ్చు. ఆటోక్లేవ్ దాన్ని చంపదు. గాజు సామాను 250 డిగ్రీల దగ్గర అరగంట కాల్చాలి.

పరీక్షకు లిమ్యులస్ పద్ధతి వాడతారు. హెచ్‌ఏ చిక్కదనం ఆ పరీక్షను అడ్డుకుని, ఉన్న ఎండోటాక్సిన్‌ను తక్కువగా చూపించగలదు. కాబట్టి నమూనాకు తెలిసిన మోతాదు ఎండోటాక్సిన్ కలిపి, అది 50 నుంచి 200 శాతం లోపల తిరిగి కనబడుతోందా అని చూడండి. కనబడకపోతే ఇంకా పలచబరిచి మళ్ళీ చేయండి. ఇది చేయకుండా వచ్చిన ‘ఎండోటాక్సిన్ లేదు’ అనే ఫలితాన్ని నేను ఒప్పుకోను.

కంట్రోళ్ళలో, అంటే పోలిక కోసం నడిపే నమూనాల్లో, నేను వదలనివి ఇవి: హెచ్‌ఏను దాన్ని కోసే ఎంజైమ్ అయిన హైలురోనిడేజ్‌తో పూర్తిగా జీర్ణం చేసిన నమూనా, వేడితో చంపిన అదే ఎంజైమ్, ఎంజైమ్ ఒక్కటే. జీర్ణం చేశాక కూడా స్పందన తగ్గకపోతే అది హెచ్‌ఏ పని కాదేమో అని అనుమానించాలి. ఎంజైమ్ ఎంపికలోనూ జాగ్రత్త. ఎద్దు వృషణాల నుంచి తీసిన హైలురోనిడేజ్ కాండ్రాయిటిన్ సల్ఫేట్‌ను కూడా నమిలేస్తుంది. కణజాలంలో ఉన్నది హెచ్‌ఏ అని నిరూపించాలంటే హెచ్‌ఏను మాత్రమే కోసే స్ట్రెప్టోమైసిస్ హైలురోలిటికస్ ఎంజైమ్ తీసుకోండి. దాని ఉత్పత్తులకు కొత్తగా ఒక ద్విబంధం వస్తుంది కాబట్టి 232 నానోమీటర్ల దగ్గర చర్యను నేరుగా చూడవచ్చు.

ఇంకొకటి. పది వేల డాల్టన్లదీ, పది లక్షలదీ మిల్లీలీటరుకు ఒకే మిల్లీగ్రాముల చొప్పున వేసి పోల్చేవారు, మొదటిదాంట్లో గొలుసుల సంఖ్య వంద రెట్లు ఎక్కువన్న సంగతి గుర్తుంచుకోవాలి. బరువు సమానంగా ఉంచాలా, గొలుసుల సంఖ్య సమానంగా ఉంచాలా అన్నది మీ ప్రశ్నను బట్టి ఉంటుంది. ఏది ఎంచుకున్నారో రాయండి. పొడవైనదానికి వచ్చిన ఫలితం కేవలం చిక్కదనం వల్లనా అన్న అనుమానం తీర్చడానికి అంతే చిక్కదనం ఉన్న మిథైల్ సెల్యులోజ్ లాంటి పాలిమర్‌ను పక్కన పెట్టండి.

పొడవు కొలవడం

పరికరాలన్నీ ఉన్న చోట అణువులను సైజును బట్టి వేరుచేసే సైజు ఎక్స్‌క్లూజన్ క్రొమటోగ్రఫీకి కాంతి పరిక్షేపణ (కాంతి ఎంత చెదురుతుందో చూసే) డిటెక్టర్ జోడించి కొలుస్తారు. అది అసలైన అంకె ఇస్తుంది. డిటెక్టర్ లేకుండా పుల్లులాన్ అనే మరో చక్కెర పాలిమర్ ప్రమాణాలతో మాత్రమే కాలమ్‌ను సరిచూస్తే ఫలితం ఉబ్బిపోయి వస్తుంది. అదే అణుభారంలో హెచ్‌ఏ గొలుసు పుల్లులాన్ కంటే బిరుసుగా, విచ్చుకుని ఉండి ఎక్కువ చోటు తీసుకుంటుంది. కాలమ్ చూసేది చోటునే కానీ బరువును కాదు. పొడవైన నమూనాను బాగా పలచగా ఎక్కించండి.

నాకు మాత్రం రోజువారీ పనికి అగరోజ్ జెల్ చాలు. పొడవైనవాటికి 0.5 శాతం, మిగతావాటికి ఒక శాతం అగరోజ్, టీఏఈ బఫర్, వరుసకు కొన్ని మైక్రోగ్రాముల హెచ్‌ఏ, తక్కువ వోల్టేజీ. తర్వాత 50 శాతం ఇథనాల్‌లో 0.005 శాతం స్టెయిన్స్-ఆల్ రంగులో రాత్రంతా చీకట్లో నానబెడితే హెచ్‌ఏ నీలంగా కనిపిస్తుంది. ఆ రంగు వెలుతురుకు వెలిసిపోతుంది, కాబట్టి ఫోటో తీసేదాకా జెల్‌ను కప్పి ఉంచండి. కొన్న ప్రతి లాట్ నుంచి తెరిచిన రోజునే ఒక చిన్న భాగం విడిగా దాస్తాను. ఆ తర్వాత చేసిన ప్రతి పనికీ, అంటే వడపోతకూ, రసాయన మార్పుకూ, నెలల నిల్వకూ, ఆ దాచినదాన్ని పక్క వరుసలో నడిపిస్తాను. మచ్చ ఎంత కిందికి జారిందో కళ్ళకే కనబడుతుంది. వాదనలు అక్కడితో ఆగిపోతాయి.

గొలుసుకు కొత్త గుంపులు తగిలించడం

ఇక్కడ లెక్క ఎప్పుడూ జంటల్లో వేయాలి, గొలుసుల్లో కాదు. 100 మిల్లీగ్రాముల హెచ్‌ఏ అంటే 0.25 మిల్లీమోళ్ళ జంటలు, అంటే అన్నే కార్బాక్సిల్ గుంపులు. 

కార్బాక్సిల్ వైపు నుంచి వెళ్ళేవారు అలవాటుగా ఈడీసీ (కార్బాక్సిల్‌ను అమీన్‌తో కలిపే కారకం) తీస్తారు. అది చురుకుగా ఉండే పీహెచ్ 5 చుట్టుపక్కల మామూలు అమీన్లు ప్రోటాన్ పట్టుకుని ఊరుకుంటాయి. చురుకైన మధ్యస్థ పదార్థం ఎదురుచూసి, తనలో తానే మారిపోయి, ఎన్-ఎసైల్ యూరియాగా గొలుసుకే అతుక్కుపోతుంది. అది ఇక ఊడదు. అడిపిక్ డైహైడ్రజైడ్‌కు ఆ ఇబ్బంది లేదు. హైడ్రజైడ్లు పీహెచ్ 4.75 దగ్గర కూడా ప్రోటాన్ లేకుండా చర్యకు సిద్ధంగా ఉంటాయి. అమీనే తగిలించాలంటే తటస్థానికి దగ్గరి పీహెచ్‌లో పనిచేసే డీఎంటీఎంఎం అనే మరో కారకం మేలు. ఫ్లోరసెంట్ గుర్తు విషయంలోనూ ఇదే మెలిక. హెచ్‌ఏ నైట్రోజన్ మీద ఎసిటైల్ గుంపు కూర్చుని ఉంది, కాబట్టి ప్రోటీన్లకు వేసినట్టు, ఖాళీ అమీన్లకు అతుక్కునే ఎఫ్ఐటీసీ రంగు వేస్తే పట్టేది అంతంతమాత్రమే. ఫ్లోరసీన్ అమీనో, దాని హైడ్రజైడో కార్బాక్సిల్‌కు కలపండి. అంటని రంగు మిగల్లేదని జెల్ మీద చూపించేదాకా ఆ చిత్రాలను నమ్మకండి.

కాంతితో గట్టిపడే జెల్ కావాలంటే మెథాక్రిలేట్ దారి. ఒక శాతం హెచ్‌ఏ ద్రావణాన్ని మంచులో ఉంచి, ఫ్యూమ్ హుడ్‌లో, మెథాక్రిలిక్ అన్‌హైడ్రైడ్‌ను చుక్కచుక్కగా వేయాలి. అది నీటిలో కలవదు, చిన్న బిందువులుగా తేలుతుంది కాబట్టి బాగా తిప్పాలి. విడుదలయ్యే ఆమ్లం పీహెచ్‌ను కిందికి లాగుతూ ఉంటుంది. సోడియం హైడ్రాక్సైడ్‌తో 8 నుంచి 8.5 మధ్య నిలపాలి. మొదటి కొన్ని గంటలు పక్కనే కూర్చోండి. ఒకేసారి ఎక్కువ క్షారం పోసి భోజనానికి వెళ్ళిపోతే అన్‌హైడ్రైడ్ వృథాగా విడిపోతుంది, గొలుసులూ తెగుతాయి. తర్వాత రాత్రంతా 4 డిగ్రీల్లో వదిలేయండి.

డయాలిసిస్ మొదట 0.1 మోలార్ ఉప్పు నీటిలో, తర్వాత శుద్ధ నీటిలో. ఉప్పు లేకుండా నేరుగా నీటిలో పెడితే ఆవేశంతో అతుక్కున్న చిన్న అణువులు వదలవు. సంచీని నిండా నింపకండి, లోపలికి నీరు చేరి ఉబ్బుతుంది. చివరికి ఫ్రీజ్ డ్రయర్‌లో తెల్లని స్పాంజిలా వస్తుంది. దాన్ని చీకట్లో, చల్లగా దాచండి.

ఎంత తగిలిందో ఎన్ఎంఆర్ (అయస్కాంత క్షేత్రంలో ప్రోటాన్ల సంకేతాలు చదివే పద్ధతి) చెబుతుంది, కానీ లెక్క వేసేటప్పుడు చాలామంది తడబడతారు. 5.6, 6.1 పీపీఎం దగ్గర ఒక్కో ప్రోటాన్ చొప్పున మెథాక్రిలేట్ శిఖరాలుంటాయి. 2.0 దగ్గరి శిఖరాన్ని హెచ్‌ఏ ఎసిటైల్ మిథైల్ అనుకుని దానితో భాగిస్తారు. అక్కడ మెథాక్రిలేట్ సొంత మిథైల్ కూడా కలిసిపోయి ఉంటుంది. ఉదాహరణకు 6.1 దగ్గర వైశాల్యం 0.30, మిథైల్ ప్రాంతం మొత్తం 3.9 అనుకోండి. మెథాక్రిలేట్ వాటా 0.9 తీసేస్తే ఎసిటైల్‌కు 3.0 మిగులుతుంది, మార్పు 30 శాతం. తీసేయకుండా లెక్కిస్తే 23 అని వస్తుంది. చిక్కని నమూనాలో శిఖరాలు వెడల్పుగా వస్తుంటే కొలతకు ముందు హైలురోనిడేజ్‌తో కాసేపు కోయండి.

పెరయోడేట్‌తో ఆల్డిహైడ్లు తెప్పించే పద్ధతి గురించి ఒక్కటే చెబుతాను: అది గ్లూకురోనిక్ ఆమ్లం వలయాన్నే తెరుస్తుంది, గొలుసూ పొట్టిదవుతుంది. పది లక్షలతో మొదలుపెట్టాను కాబట్టి పది లక్షల జెల్ అని రాయకండి.

అరలోని మిగతా పాలిమర్లు

పాలిఇథిలిన్ గ్లైకాల్, అంటే పెగ్, చూడటానికి నిరపాయకరం. గాలి తగిలేలా ఉంచితే మెల్లగా పెరాక్సైడ్లు, ఆల్డిహైడ్లు తయారవుతాయి. ఆ పెరాక్సైడ్లు లోహపు జాడలతో కలిస్తే పక్కనున్న హెచ్‌ఏనూ తెంచగలవు. ఆర్గాన్ కింద, మైనస్ 20లో ఉంచండి. చివర ఎన్‌హెచ్‌ఎస్ ఎస్టర్ (అమీన్లకు అతుక్కునే చురుకైన గుంపు) ఉన్న పెగ్‌కు తేమే శత్రువు. పీహెచ్ 7లో, 0 డిగ్రీల దగ్గర ఆ ఎస్టర్ అర్ధాయువు నాలుగైదు గంటలు. పీహెచ్ 8.6లో, 4 డిగ్రీల దగ్గర పది నిమిషాలు. అంటే ముందు ప్రోటీన్ సిద్ధం చేసుకుని, చివరి క్షణంలో పెగ్ కరిగించాలి. మాలిమైడ్ (థయాల్‌కు అతుక్కునే గుంపు) చివరున్నదాన్ని పీహెచ్ 6.5 నుంచి 7.5 మధ్యే వాడండి. పైకి పోతే అమీన్ల మీద కూడా పడుతుంది. థయాల్‌ను సిద్ధం చేయడానికి వాడిన డీటీటీని ముందే పూర్తిగా తీసేయాలి.

కైటోసాన్, పాలిఇథిలిన్ ఇమీన్, పాలిలైసిన్ ధనావేశం ఉన్నవి. హెచ్‌ఏతో కలిపితే తెల్లగా విరిగి అడుగుకు చేరతాయి. నానోకణాలు కావాలంటే రెండింటినీ బాగా పలచగా ఉంచి, ఏది దేనిలోకి పోస్తున్నారో, ఉప్పు ఎంతుందో ప్రతిసారీ ఒకేలా పాటించాలి. కైటోసాన్‌కు అణుభారంతో పాటు డీఎసిటైలేషన్ శాతం కూడా కావాలి, అది లేని సీసా సగం సమాచారమే ఇచ్చినట్టు. పీఎల్‌జీఏ అనే, శరీరంలో విడిపోయే పాలిమర్‌కు లాక్టైడ్, గ్లైకొలైడ్ నిష్పత్తితో పాటు చివర ఆమ్లమా, ఎస్టరా చూడండి. ఆమ్లపు చివరున్నది త్వరగా కరిగిపోతుంది. పాలివినైల్ ఆల్కహాల్‌ను చల్లని నీటిలో చల్లి తర్వాత 80, 90 డిగ్రీలకు తీసుకెళ్ళాలి. ప్లూరోనిక్ ఎఫ్127 దీనికి పూర్తిగా తలకిందులు, ఫ్రిజ్‌లోనే కరుగుతుంది.

కడగడం

హెచ్‌ఏ ఆరిపోతే గాజుకు పొరలా అంటుకుంటుంది. తడిగా ఉండగానే పుష్కలంగా నీటితో కడగండి. మొండిగా ఉంటే పలుచని సోడియం హైపోక్లోరైట్‌లో నానబెట్టండి, అది గొలుసులను తెంచి వదిలిస్తుంది. ఆ పని అయ్యాక శుద్ధ నీటితో పదేపదే జాలించాలి, లేకపోతే మిగిలిన హైపోక్లోరైట్ తర్వాత పోసే స్టాక్‌ను కూడా అలాగే తెంచుతుంది. అజైడ్ ఉన్న ద్రావణాలను హైపోక్లోరైట్‌లోనూ, ఆమ్లంలోనూ కలపకండి, విషవాయువులు వస్తాయి. సింకులోనూ పోయకండి, లోహపు గొట్టాల్లో పేలుడు లవణాలు పేరుకుంటాయి. వాటికి వేరే వ్యర్థాల సీసా ఉంచి, దాని మీద అజైడ్ అని పెద్ద అక్షరాలతో రాయండి.